పత్యం పేరుతో పస్తులు వద్దు: క్యాన్సర్ చికిత్సలో తిండి సంగతి

బోధన్ ఊళ్లో చక్కెరను శత్రువుగా చూడటం వింతే. 1937లో నిజాం హయాంలో మొదలైన షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరది. ఫ్యాక్టరీ పేటకు షకర్‌నగర్ అనే పేరే స్థిరపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్ల వరుసలు పోయినయి గానీ, చక్కెర లేని చాయ్ మాత్రం ఇప్పటికీ అక్కడ ఎవరికీ నచ్చదు. అలాంటి చోట కూడా ఒక ఇంట్లో క్యాన్సర్ అని తేలగానే మొదట వినిపించే మాట: "షకర్ బంద్ చెయ్యండి. చక్కెర తింటే గడ్డ పెరుగుతది."

అక్కడితో ఆగితే బాగుండు. చక్కెర తర్వాత మాంసం బంద్ అవుతుంది, "వేడి చేస్తది" అని. ఆ తర్వాత గుడ్డు. పాలు వద్దని ఇంకొకరు చెబుతారు. అన్నంలో కూడా చక్కెరే ఉంటుందని వాట్సాప్‌లో వచ్చిన వీడియో చెబుతుంది. నెల తిరిగేసరికి రోగి పళ్లెంలో పల్చటి జావ, ఉడకబెట్టిన సొరకాయ మిగులుతాయి. మూడో కీమోకి వెళ్లేసరికి బరువు పడిపోయి, రక్తం తగ్గి, "ఈ వారం కీమో ఇవ్వలేం, తిని రండి" అని డాక్టరు వెనక్కి పంపుతాడు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 175 కిలోమీటర్లు. తెల్లారక ముందే బయలుదేరి, ఒక రోజు కూలీ పోగొట్టుకుని, ఉత్త చేతులతో తిరిగి రావడం ఎంత కష్టమో ఆ దారిలో తిరిగిన కుటుంబాలకే తెలుసు.

మన ఇళ్లలో జబ్బు అనగానే పర్హేజ్ గుర్తుకొస్తుంది. తెలుగువాళ్లు పత్యం అంటారు, మాట వేరు గానీ అలవాటు ఒకటే. జ్వరానికో, కామెర్లకో నాలుగు రోజులు నోరు కట్టుకుంటే నష్టం లేదు. క్యాన్సర్ చికిత్స నాలుగు రోజుల పని కాదు. నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో శరీరానికి కావాల్సింది తగ్గింపు కాదు, మామూలు కన్నా ఎక్కువ తిండి.

చక్కెర మాట ఎక్కడ నుంచి వచ్చింది?

పూర్తిగా గాలి మాట కాదు, అందుకే అంత బలంగా నాటుకుంది. జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే ఒక సంగతి గమనించాడు: క్యాన్సర్ కణాలు మామూలు కణాల కన్నా ఎక్కువ గ్లూకోజు వాడుకుంటాయి. ఈ రోజు పెట్ స్కాన్ చేసేది కూడా దాని ఆధారంగానే. రోగికి గ్లూకోజు లాంటి మందు ఎక్కిస్తే, గడ్డ దాన్ని ఎక్కువగా పీల్చుకుని స్కాన్‌లో మెరుస్తుంది. ఇంతవరకు నిజం.

అయితే గ్లూకోజు క్యాన్సర్ కణం ఒక్కదానికే తిండి కాదు. మెదడు, గుండె, కండ, రక్తకణం అన్నీ దాన్ని వాడుకునేవే. నోటి ద్వారా చక్కెర, అన్నం, రొట్టె అన్నీ మానేసినా రక్తంలో గ్లూకోజు సున్నా కాదు. కాలేయం సొంతంగా తయారు చేసుకుంటుంది. దేనితో? ఒంట్లోని కండను కరిగించి. అంటే గడ్డను పస్తు పెడుతున్నామనుకుంటూ రోగి కండను కోసి గడ్డకు పెట్టినట్టే అవుతుంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన ఇళ్లలో యాభై దాటినవాళ్లలో షుగర్ వ్యాధి ఎంతమందికి ఉందో చెప్పనక్కర్లేదు. కీమోతో పాటు వాంతులు ఆపడానికి ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ మందు కొన్ని రోజులు రక్తంలో షుగర్‌ను బాగా పెంచేస్తుంది. అలాంటివారు చక్కెర, బెల్లం, తేనె, పళ్ల రసాలు తగ్గించాల్సిందే. కానీ తిండి మొత్తం తగ్గించడం కాదు, షుగర్ మందు మోతాదు డాక్టరుతో సరిచేయించుకోవాలి. బెల్లం మంచిదని చక్కెర బదులు అది పోసేవాళ్లున్నారు, రక్తంలోకి వెళ్లాక రెండిటికీ తేడా ఏమంత లేదు.

ఎంత తినాలి, ఏం తినాలి

క్యాన్సర్ రోగుల పోషణపై ప్రపంచంలో డాక్టర్లు పాటించే లెక్క ఒకటుంది. కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 గ్రాము కన్నా ఎక్కువ, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు. 50 కిలోల మనిషికి ఇది 1,250 నుంచి 1,500 కేలరీలు, సుమారు 60 గ్రాముల మాంసకృత్తులు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క మారుతుంది, వాళ్లు డాక్టరును అడగాలి.

అరవై గ్రాములంటే వంటింట్లో ఎంత? రెండు గుడ్లలో 12 గ్రాములు. అర లీటరు పాలలో, లేదా అంత పెరుగులో, 16. వండక ముందు తూచిన 50 గ్రాముల పప్పులో 12. వంద గ్రాముల కోడి మాంసంలో 20. అక్కడికే అరవై అయింది, అన్నం రొట్టెల లెక్క వేయనేలేదు. కోడి కొనలేని రోజు గుప్పెడు పుట్నాలు, గుప్పెడు పల్లీలు కలిపి పొడి చేసి పాలలోనో జావలోనో వేస్తే దాదాపు అంత పనీ చేస్తాయి. వేల రూపాయల ప్రోటీన్ డబ్బాలు అందరికీ అవసరం లేదు. మింగలేనివారికి డాక్టరు రాసిస్తే అది వేరే మాట.

మన వంటల్లోనే దీనికి సరిపడేవి ఉన్నాయి. కందిపప్పుతోనో మసూర్ పప్పుతోనో మెత్తగా వండిన ఖిచిడీ, మీద ఒక చెంచా నెయ్యి, పక్కన మెత్తటి ఖీమా. ఒక్క చెంచా నెయ్యి 45 కేలరీలు. రెండు ముద్దలే తినగలిగిన మనిషికి ఆ ముద్దల్లోనే బలం నింపాలి, అది అసలు కిటుకు. బాలింతలకు చేసే హరీరా ఉంది కదా, రవ్వ, పాలు, బాదం వేసి. అది కీమో అయిన మూడు నాలుగు రోజులు ఏమీ దిగనప్పుడు చక్కగా దిగుతుంది. రంజాన్‌కే కాకుండా ఇంట్లో తక్కువ మసాలాతో చేసిన హలీమ్ కూడా అంతే. గోధుమ, పప్పు, మాంసం మూడూ మెత్తగా ఒకే గిన్నెలో ఉంటాయి. గ్లాసు పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపితే గ్లాసు పెద్దది కాకుండానే బలం పెరుగుతుంది.

పాయా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఇంట్లో దాని మీద పెద్ద నమ్మకం. పొద్దంతా మరగబెట్టిన ఎముకల షోర్బాలో ఎక్కువగా ఉండేది జెలటిన్. గొంతుకు హాయిగా ఉంటుంది, నీరు, ఉప్పు అందుతాయి. కండను నిలబెట్టే మాంసకృత్తి మాత్రం అందులో సరిపోదు. షోర్బా ఇచ్చి "ఈ రోజు మాంసం తిన్నడు" అనుకోవద్దు. మాంసాన్ని కూడా మెత్తగా ఉడికించి, నలిపి అందులోనే కలపాలి.

రోజుకు మూడు పూటల లెక్క మర్చిపోవడం మంచిది. రెండు గంటలకోసారి, అరచేతిలో పట్టేంత. కీమో తర్వాత చాలామందికి వాసనే శత్రువు. బగారా తాలింపు ఘుమఘుమ మనకు ఆకలి పుట్టిస్తే, వాళ్లకు కడుపులో తిప్పుతుంది. వంట జరిగే సమయంలో రోగిని వాకిట్లోనో పక్క గదిలోనో కూర్చోబెట్టి, వేడి తగ్గాక పెడితే వాసన తక్కువ వస్తుంది. నోరంతా ఇనుము రుచి వస్తోందంటే స్టీలు చెంచా పక్కనపెట్టి ప్లాస్టిక్‌దో చెక్కదో వాడాలి. వేట మాంసం చేదుగా అనిపిస్తే గుడ్డు, కోడి, చేప, పనీర్ ప్రయత్నించాలి. వాంతి మాత్ర తిన్న తర్వాత కాదు, డాక్టరు చెప్పినట్టు తినక ముందే వేయాలి. ఇది చిన్న సంగతే, కానీ చాలా ఇళ్లలో తప్పుతున్నది ఇక్కడే.

నోరు, గొంతు క్యాన్సర్ అయితే

నిజామాబాద్, బోధన్ ప్రాంతానికి ఈ భాగం చాలా ముఖ్యం. గుట్కా, జర్దా పాన్, బీడీ మన గల్లీల్లో ఎంతగా ఉన్నాయో అందరికీ తెలుసు. బీడీలు చుట్టి సంసారాలు లాగే ఆడవాళ్లు ఈ జిల్లాలో వేలల్లో ఉన్నారు. నోటి, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు, ఏడు వారాలు ఉంటుంది. మొదటి వారం మామూలుగానే గడుస్తుంది. "ఏం కాలేదు, ఉత్తగనే భయపెట్టిండ్రు" అనుకుంటారు. రెండు, మూడు వారాల మధ్య నోట్లో పుండ్లు మొదలవుతాయి. ఉమ్మి చిక్కగా తాడులా సాగుతుంది. నీళ్లు మింగినా మంటే. చికిత్స అయిపోయాక కూడా కొన్ని వారాలు ఈ బాధ ఉంటుంది.

అందుకే మొదటి వారం బాగున్నప్పుడే బాగా తినిపించాలి. పుండ్లు వచ్చాక చింతపండు, నిమ్మకాయ, టమాటా, కారం, ఎండు రొట్టె ముట్టకూడదు. ఖిచిడీ పక్కన ఖట్టా పోయడం మన అలవాటు, దాని బదులు మజ్జిగ పులుసు పుల్లగా లేకుండా చేయవచ్చు. తిండి గోరువెచ్చగానో చల్లగానో ఉండాలి. పప్పు, అన్నం, కూర, నెయ్యి కలిపి మిక్సీ పట్టి, గ్లాసులో పోసి తాగించడంలో సిగ్గేమీ లేదు. లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించాలి. బజారులో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లు మంటను పెంచుతాయి. తినడానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేస్తే కొంచెం మింగగలుగుతారు.

అప్పటికీ మింగలేకపోతే డాక్టరు ముక్కు గొట్టం వేద్దామంటాడు. ఇక్కడే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. గొట్టం వేశారంటే ఆఖరి దశ వచ్చినట్టేనని మనవాళ్ల అభిప్రాయం. రేడియేషన్ రోగుల్లో అది చాలాసార్లు కొన్ని వారాల ఏర్పాటు మాత్రమే. పుండ్లు మానాక తీసేస్తారు. గొట్టం వద్దని మొండికేసి, బక్కచిక్కి, రేడియేషన్ మధ్యలో ఆపాల్సి వస్తే నష్టం చాలా పెద్దది. ఆగిన రోజులకు గడ్డ మళ్లీ తేరుకునే వీలు దొరుకుతుంది.

గొట్టంలో పోసేటప్పుడు రోగిని కూర్చోబెట్టాలి, లేదా తలవైపు బాగా ఎత్తు పెట్టాలి. పోశాక కూడా అరగంట, ముప్పావు గంట పడుకోబెట్టొద్దు. పాలు, పుట్నాల పొడి, ఉడికిన పప్పు నీళ్లు, గుడ్డు, నూనె, ఏది పోసినా మెత్తగా రుబ్బి వడగట్టాలి. ఒకసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు, నెమ్మదిగా. ముందూ వెనకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి గొట్టం కడగాలి. ముక్కు దగ్గర గొట్టం మీద గుర్తు ఉంటుంది. ఆ గుర్తు జరిగినా, పోసేటప్పుడు దగ్గు వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గొట్టం ఊపిరితిత్తుల వైపు జరిగి ఉండొచ్చు.

బయటి తిండి, ఇంటి శుభ్రం

కీమో ఎక్కిన వారం నుంచి రెండు వారాల మధ్యలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు మామూలు మనిషి తట్టుకునే చిన్న క్రిమి కూడా రోగిని ఐసీయూకి చేర్చగలదు. బస్టాండ్ దగ్గర చెరకు రసం ఎంత ఆశ పుట్టించినా వద్దు. చెరకుతో కాదు గొడవ, అందులో వేసే మంచుగడ్డతో, కడగని మిషన్‌తో. కోసి పెట్టిన పండ్లు, పానీపూరీ, పచ్చి ఉల్లి, పైన చల్లిన పచ్చి కొత్తిమీర కూడా అంతే. పండ్లు ఇంట్లో కడిగి, తొక్క తీసి పెట్టవచ్చు. అన్ని పండ్లూ పూర్తిగా మానేయాలన్న పాత నియమానికి ఇప్పుడు పెద్దగా ఆధారం లేదు, శుభ్రమే అసలు సంగతి.

దావత్ నుంచి డబ్బాలో కట్టి తెచ్చిన బిర్యానీ ఇంకో ప్రమాదం. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. బక్రీద్ రోజు సగం వేగిన కలేజీ మీద రోగికి మనసు పోవచ్చు. పూర్తిగా ఉడికితేనే పెట్టాలి. హాఫ్ బాయిల్ గుడ్డు, కాచని పాలు కూడా ఈ రోజుల్లో వద్దు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే క్రోసిన్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఆ రాత్రే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, కీమో జరుగుతోందని ముందుగా చెప్పాలి.

పసుపు, కలోంజీ, ఖుబానీ గింజ

పసుపు మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు నిజామాబాద్. 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం కూడా ఇక్కడే తెరిచారు. కూరలో వేసే పసుపుతో ఎవరికీ హాని లేదు. చెంచాల కొద్దీ మింగడం, కర్కుమిన్ గోలీలు వేసుకోవడం వేరే సంగతి. పెద్ద మోతాదులో అవి కొన్ని మందుల పనిలో అడ్డుపడవచ్చు, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు. కలోంజీ, తేనె విషయంలో కూడా తిండిగా కొంచెం తీసుకోవడం ఒకటి, దాన్నే చికిత్స అనుకుని ఆసుపత్రి మానేయడం ఇంకొకటి. తిప్పతీగ రసం తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో ముంబైలో డాక్టర్లు నమోదు చేశారు. లోహాలతో చేసిన కుష్తాలు, భస్మాలు మూత్రపిండాలకు బరువు, సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందు అప్పటికే వాటి మీద భారం వేసి ఉంటుంది.

ఖుబానీ గింజల సంగతి కొంచెం వేరు. ఖుబానీ కా మీఠా మీద పెట్టే తియ్యటి పలుకులు రెండు తింటే ఏమీ కాదు. చేదు గింజలను "విటమిన్ బి17" అని క్యాన్సర్ మందుగా అమ్ముతున్నారు. అలాంటి విటమినే లేదు. ఆ చేదు పలుకుల్లోని పదార్థం కడుపులో సైనైడ్‌గా మారుతుంది. ప్రాణాలు పోయే విషం అది. కొన్ని క్యాన్సర్ మాత్రలతో పంపరపనస కూడా పడదు. మందు రాసిన డాక్టరును ఒక్కసారి అడిగితే చాలు. హకీము దగ్గర తీసుకుంటున్నది ఏదైనా దాచకుండా చెప్పాలి, తిడతాడని భయపడి దాస్తే నష్టపోయేది రోగే.

రోజా విషయం

చికిత్స మధ్యలో రంజాన్ వస్తే పెద్దవాళ్లు పట్టుబట్టి రోజా ఉంటామంటారు. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా వదలని మనిషికి అది చాలా పెద్ద బాధ. రోగికి సడలింపు ఖుర్ఆన్‌లోనే, సూరా అల్ బఖరా 185వ ఆయతులో ఉంది. కోలుకున్నాక ఖజా చేయడమా, కోలుకునే అవకాశం లేకపోతే ఫిద్యా ఇవ్వడమా అన్నది మసీదు ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవచ్చు. వైద్యం వైపు నుంచి చూస్తే, కీమో రోజుల్లో నీళ్లు తాగకపోవడం మూత్రపిండాలకు నేరుగా దెబ్బ. కొన్ని మందులకైతే లీటర్ల కొద్దీ నీరు తాగాలని చెప్పి పంపుతారు. చికిత్స అయిపోయి మాత్రల మీదే ఉన్నవారిలో కొందరికి డాక్టరు అనుమతి ఇవ్వవచ్చు, అది మనిషిని బట్టి. మిగిలినవారికి ఇంటివాళ్లతో పాటు ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడం, ఖజూరు అందుకోవడం మనసుకు బలం. ఒంటరిగా వంటింట్లో దాక్కుని తినాల్సిన అవసరం లేదు.

అమ్మీ రోగి అయితే

రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు మన ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తున్నవి. అందరికీ వడ్డించాక ఆఖర్న తినే మనిషి ఆమె. కీమో ఎక్కించుకుని బస్సు దిగి వచ్చి, మళ్లీ పొయ్యి దగ్గరే నిలబడుతుంది. ఆమెకు రెండు గుడ్లు రాసిస్తే అవి పిల్లల పళ్లెంలోకి పోతాయి. "నాకు ఆకలి లేదు బేటా" అన్న మాట నిజమో కాదో ఎవరూ తేల్చుకోరు. ఈ ఇళ్లలో పోషణ సలహా భర్తకు, కొడుక్కు, కోడలికి చెప్పాలి. ఆమె గిన్నె ముందే వేరుగా తీసి పెట్టాలి. అందరికన్నా ముందు ఆమె తినాలి. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో కొందరు బరువు తగ్గరు, పెరుగుతారు. వాళ్లకు నెయ్యి, మీఠా పెంచడం కాదు, మాంసకృత్తులు ఉంచి నూనె తగ్గించాలి, రోజూ కాసేపు నడిపించాలి.

ఇయాదత్‌కు వచ్చేవాళ్ల గురించి కూడా. చూడటానికి రావడం పుణ్యమే, కానీ ప్రతి ఒక్కరూ ఒక ఆపిల్ సంచి, ఒక సలహా తెస్తారు. ఆపిళ్లు కుళ్లిపోతాయి, సలహాలు మిగులుతాయి. రెండు డజన్ల గుడ్లు, లీటరు పాలు, హైదరాబాద్ ప్రయాణానికి రెండు వందల రూపాయలు అంతకన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఆసుపత్రిలో అడగాల్సినవి

జిల్లా నుంచి చాలామంది వెళ్లేది రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి. ఆ మూడక్షరాలు గుజరాత్ మొదటి గవర్నరుగా చేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో డైటీషియన్లు ఉంటారు, కానీ రద్దీలో అడగనిదే ఎవరూ పంపరు. ఓపీలో డాక్టరును కలిసినప్పుడే "తిండి గురించి ఎవరిని కలవాలి" అని అడగాలి.

వెళ్లేటప్పుడు ఒక చిన్న నోట్‌బుక్ వెంట ఉండాలి. వారానికోసారి ఒకే తక్కెడ మీద, అదే సమయంలో తూచిన బరువు అందులో రాయాలి. కిరాణా దుకాణం తూకం అయినా పర్వాలేదు. ఆరు నెలల్లో ఒంటి బరువులో వందకు ఐదు పాళ్లు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కి వస్తే, అది డాక్టరుకు చెప్పాల్సిన ప్రమాదం. ఒళ్లు లావుగా ఉన్నవారిలో ఇది కంటికి కనిపించదు. గాజులు వదులవడం, ఉంగరం జారడం, నేల మీద నుంచి లేవడానికి చెయ్యి ఊనడం గమనించాలి. రెండు రోజులుగా ఏమీ దిగకపోయినా, విరేచనాలు ఓఆర్ఎస్‌తో ఆగకపోయినా, మూత్రం చిక్కగా, తక్కువగా వస్తున్నా తర్వాతి తేదీ దాకా ఆగకూడదు. నొప్పికి మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం దాదాపు తప్పదు, దానికి మందు మొదటి రోజు నుంచే రాయించుకోవాలి. కడుపు బిగిస్తే ఆకలి ఎక్కడిది?

ఇంకో దశ ఉంది. చికిత్సకు లొంగక జబ్బు ముదిరి, రోగి రోజంతా పడుకునే స్థితి. అప్పుడు ఆకలి పోవడం జబ్బు చేసే పని, రోగి మొండితనం కాదు, ఇంటివాళ్ల లోపం కూడా కాదు. ఎంత తినిపించినా ఆ శరీరం దాన్ని కండగా మార్చుకోలేదు. బలవంతంగా నోట్లో కుక్కితే ఊపిరి గొట్టంలోకి పోతుంది, వాంతులవుతాయి. అడిగింది అడిగినంత పెట్టాలి, అది రెండు చెంచాల ఖీరే అయినా, చక్కెర చాయ్‌లో ముంచిన బిస్కెట్ అయినా. షుగర్ అని, పర్హేజ్ అని అప్పుడు ఆపొద్దు. తడి గుడ్డతో పెదాలు తుడుస్తూ, చెంచాతో నీళ్లు అందిస్తూ పక్కన కూర్చుంటే చాలు.